కోడలి పేరున్న డబ్బీ

మల్లన్న ఎడ్లను విప్పలేదు. బండి వాకిట్లో కట్టింది కట్టినట్టే ఉంది, అతను బండి అంచున కూర్చునే మాట్లాడుతున్నాడు. ఈ ఇంట్లో మంచినీళ్లయినా ముట్టనని ఒట్టు పెట్టుకుని వచ్చిన మనిషి. దిగి అరుగెక్కితే కోపం సగం చల్లారుతుందని అతనికి తెలుసు, అందుకే దిగలేదు.

"చెల్లెను తోల్కపొమ్మని కబురంపిన్రు, వచ్చిన. ఇప్పుడు పిల్లను మాత్రం ఇయ్యం అంటున్నరు. గిదేం న్యాయం మామా?"

అంతయ్య గడపకు అడ్డంగా నిలబడ్డాడు. పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాడు, ఆ గడపను ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు.

"తల్లికి బీమారి. పాలు తాగే పిల్లను బీమారి తల్లి ఎంబడి తోలుతరా ఎవలన్న? నీ బిడ్డైతే తోలుతవా?"

"మా ఇంట్ల ఉన్నన్నాళ్లు దానికి పడిశం గూడ పట్టలే. మీ ఇంటికొచ్చినంక బీమారి ఎట్లొచ్చింది?"

"మీ అవ్వ దేంతోని సచ్చింది మరి?"

మల్లన్న చేతిలో ముల్లుకర్ర ఆగిపోయింది.

"మా అవ్వ జరమొచ్చి పోయింది. ఊరంత ఎర్కే."

"జరమే. దాని ఎన్కకు దగ్గున్నదో లేదో ఎవలు చూసిన్రు? మా ఇంటామె ముందుగాల్నే చెప్పింది, ఆ ఇంటి నుంచే వచ్చిందని."

కొట్టం గుంజకు ఆనుకుని కూర్చున్న బాలలక్ష్మి ఈ మాటలు వింటూనే ఉంది. ఒళ్లో చీరెల మూట. పరీక్షలో ఆమెకు టీబీ ఉన్నట్టు తేలిందని తెలిసిన రోజు నుంచి ఆమె మకాం పశువుల కొట్టంలోనే. కంచం వేరు, చెంబు వేరు, చివరికి బిడ్డ కూడా వేరు. ఆమె అన్న వైపు చూడటం లేదు, మామ వైపు ఎలాగూ చూడదు. మామ భుజం మీదుగా, లోపలి అర్ర వైపు చూస్తోంది. అక్కడ ఆమె అత్త భూమవ్వ, ఇంకా ఏడాది నిండని మనవరాలిని ఒళ్లో పెట్టుకుని, వాకిలికి వీపు తిప్పి కూర్చుంది.

ఆ వీపు తిరగాలని బాలలక్ష్మి చూపు. ఆ చూపు వీపుకు తగులుతూనే ఉందని భూమవ్వకు తెలుసు. ఇద్దరికీ తెలిసిన ముచ్చట ఒకటుంది. ఆ ఇంట్లో మరెవరికీ తెలియదు.

* * *

ఒక్కడే కొడుకు కొండల్. పత్తి కాలంలో ఆదిలాబాద్ జిన్నింగు మిల్లుకు పనికి పోయాడు. నోట్లో రక్తం పడితే అక్కడి దవాఖానలో చూసి టీబీ అన్నారు. సూదులు మొదలుపెట్టి, గోలీలిచ్చి ఇంటికి పంపారు. ఒకప్పుడు ఈ రోగమొస్తే పాడె కట్టడమే మిగిలేది. ఇప్పుడు మందులొచ్చాయి, కొండల్‌కు ముఖంలో కొద్దిగా రక్తం కూడా వచ్చింది. మందు వచ్చినంత తొందరగా భయం పోలేదు, అదే చిక్కు.

కొండల్ వెనకే ఇచ్చోడ నుంచి తోమాసు సైకిలు వచ్చింది. ఒకరికి రోగం తేలితే, వాళ్ల పక్కన పడుకునేవాళ్లు, వాళ్లతో తినేవాళ్లు, అందరినీ వెతికి చూడటం అతని ఉద్యోగం. మిషను స్కూల్లో చదువుకున్నవాడు, మంచివాడే, కానీ ఎప్పుడూ తొందర. ఇంకో ఊరు మిగిలే ఉంటుంది అతనికి.

మొదటి రోజు వాకిట్లో నిలబడి అందరినీ అడిగాడు.

"దగ్గు ఎవలకున్నది?"

ఎవరికీ లేదన్నారు. అప్పుడే భూమవ్వ దగ్గింది. తోమాసు ఆమె వైపు తిరిగాడు.

"గిది దగ్గు గాదా అవ్వా?"

"గిదా? గిది చుట్ట దగ్గు. నేను పెండ్లై వచ్చిన కాడికెల్లి ఉన్నది. దీనికి గూడ సర్కారు మందిస్తదా?"

అందరూ నవ్వారు, తోమాసు కూడా నవ్వాడు. ఆ నవ్వే అతను చేసిన తప్పు. ఇంతలో వంటింట్లో పొయ్యి మీద ఎండు మిరపకాయలు మాడాయి. ఆ ఘాటుకు బాలలక్ష్మి కొంగు మూతికి అడ్డం పెట్టుకుని దగ్గింది. మాడింది మిరపకాయ, దొరికిపోయింది కోడలు. తోమాసు సంచిలోంచి మూత డబ్బీ తీసి, దాని మీద బాలలక్ష్మి పేరున్న కాగితం అంటించాడు.

"పొద్దుగాల లేవంగనే లోపటికెల్లి దగ్గి ఉమ్మాలె చెల్లె. ఎంగిలి గాదు, తెమడ కావాలె."

మరునాడు పొద్దున అంతయ్య వాకిట్లో కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. మామ వినేంత దూరంలో కోడలు గొంతు సవరించుకోవడం ఆ ఇళ్లల్లో లేదు. తుమ్ము వస్తే కూడా కోడళ్లు దొడ్లోకి పరుగెత్తుతారు. బాలలక్ష్మి డబ్బీ పట్టుకుని కొట్టం వెనక్కి పోయి, చప్పుడు కాకుండా దగ్గాలని చూసింది. చప్పుడు లేకుండా దగ్గు ఎక్కడిది? కండ్ల నిండా నీళ్లు వచ్చాయి, నోట్లో ఎంగిలి తప్ప ఏమీ రాలేదు.

భూమవ్వ వెతుక్కుంటూ వచ్చింది.

"ఏందే, ఇంకా కాలేదా? గాయన సైకిలేసుకొని వస్తుండు."

"వస్తలేదు అత్తా. ఎంగిలే వస్తుంది."

"తే ఇటు."

భూమవ్వకు పొద్దున లేస్తే కష్టపడాల్సిన పని లేదు. ఒక్క దగ్గుతో డబ్బీ అడుగు నిండింది. మూత పెట్టి కోడలికి చూపించింది.

"ఉమ్మి మీద పేరు రాసుంటదా? ఆయనకు డబ్బీ నిండాలె, మనకు పీడ పోవాలె."

బాలలక్ష్మికి నవ్వాగలేదు. భూమవ్వ కూడా కొంగు నోట్లో కుక్కుకుని, గోడకు చెయ్యి ఆనించి నవ్వింది. పెండ్లయి రెండేళ్లు దాటినా అత్తాకోడళ్లు కలిసి నవ్వింది ఆ ఒక్కసారే. తోమాసు వచ్చి, డబ్బీ ఎవరి చేతిలోంచి తీసుకుంటున్నాడో కూడా చూడకుండా సంచిలో వేసుకుని పోయాడు.

కబురు వచ్చింది. డబ్బీలో రోగం ఉంది.

ఆ మాట వినగానే బాలలక్ష్మి అత్త వైపు చూసింది. ఇప్పుడు చెబుతుంది, ఈ క్షణమే చెబుతుంది అనుకుంది. భూమవ్వ నోరు తెరిచింది కూడా.

"మీ అవ్వ నుంచి తెచ్చినవు," అంది. "తెచ్చి నా కొడుక్కంటిచ్చినవు."

అంతే. ఆ తర్వాత బాలలక్ష్మి చెప్పినా నమ్మేవాళ్లెవరు? తన రోగం అత్త మీదికి తోస్తుందంటారు. అందుకే ఆమె నోరు విప్పలేదు. కానీ చూడటం మానలేదు.

* * *

అరుగు మీద నులక మంచంలో పడుకున్న కొండల్ లేచి కూర్చున్నాడు. అన్నదమ్ముల్లేని కొడుకు కాబట్టి ఇంట్లో అతని మాటకు విలువెక్కువ, అందుకే అతను మాట్లాడేది తక్కువ. ఇవాళ మాత్రం పెండ్లాం వైపు తిరిగి నేరుగానే అడిగాడు.

"నిజం చెప్పు. నీకు ముందే ఎర్కనా?"

"ఏం ఎర్కనా?"

"నీకు బీమారున్నట్టు."

బాలలక్ష్మి మూట పక్కన పెట్టింది.

"నేను దగ్గంగ నువ్వు ఎన్నడన్న విన్నవా?"

కొండల్ ఆలోచించాడు. వినలేదు. పక్కనే పడుకునే మనిషి, వినలేదు.

"దగ్గు లేకుండ గూడ ఉంటదట," అన్నాడు చివరికి.

"ఉంటదేమో. మరి ఇంట్ల దగ్గేదెవలు?"

అప్పుడే లోపలి నుంచి భూమవ్వ దగ్గు వినబడింది. పొడుగ్గా, గొంతులో గరగరతో, చివర ఒక మూలుగుతో. కొండల్ తల తిప్పలేదు. అంతయ్య తిప్పలేదు. బావి గిరక చప్పుడుకు ఇంటివాళ్లు తల తిప్పరు కదా, ఇదీ అంతే. పెండ్లయిన నాటి నుంచి అంతయ్య, పుట్టిన నాటి నుంచి కొండల్, ఆ దగ్గును వింటూనే ఉన్నారు. అందుకే వాళ్లకు అది వినబడదు.

బాలలక్ష్మి మొగుడి ముఖంలోకి చూసింది. అతనికి అర్థం కాలేదని తెలిసి మళ్లీ మూట ఒళ్లోకి తీసుకుంది.

"ఎక్కు లచ్చిమీ," అన్నాడు మల్లన్న. "పిల్లను తర్వాత చూద్దాం. పెద్దమనుషులతోని అడిగిద్దాం."

"వదిన ఏమన్నది?"

మల్లన్న ఎడ్ల పగ్గాలు సర్దాడు.

"నన్నేడ పండుకొమ్మన్నది?"

"వదిన నీళ్లు పోసుకున్నది గద. జర భయపడుతుంది. కొట్టం కాడ సాపు చేసి మంచమేసిన. మంచిగనే ఉన్నది."

బాలలక్ష్మి తల ఊపింది. ఇక్కడ ఒక కొట్టం, అక్కడ ఒక కొట్టం. మధ్యలో ఉట్నూరు దారి.

* * *

సైకిలు గంట వినబడింది. తోమాసు దిగి, బండిని చూసి, మూటను చూసి, ఆగిపోయాడు. అతని సంచిలో బాలలక్ష్మి కోసం తెచ్చిన గోలీలున్నాయి.

"ఏడికి పోతున్నవు చెల్లె?"

"తల్లిగారింటికి," అంతయ్య జవాబిచ్చాడు. "ఆమె బీమారి ఆమె ఇంటికి."

"పెద్దయ్యా, గోలీలు ఒక్కనాడు గూడ తప్పొద్దు. ఆడికి పోతే ఎవలిస్తరు? పోతే పోనీ, ఊరు పేరు చెప్పున్రి. నేను ఆడ గూడ అందరికి పరీక్ష చెయ్యాలె."

మల్లన్న బండి మీద నిటారుగా లేచాడు.

"మా ఇంటికొస్తవా?"

"వస్త. ఆమె పక్కన పండుకునేటోళ్లను చూడాలె గద."

"నువ్వు మా ఊర్ల సైకిలు దిగినవంటే ఇగ మా ఇంటి దిక్కు ఎవలన్న వస్తరా? మా నీళ్లు ముడుతరా? నా పెండ్లాం తల్లిగారింటికి పోయి కూసుంటది."

"మీ ఇంటికి రాకుంటే బీమారి రాకుండ ఉంటదా?" తోమాసుకు కూడా కోపం వచ్చింది. పొద్దున్నుంచి మూడు ఊర్లలో ఇవే మాటలు పడ్డాడు. "ఏ ఇంట్ల చూసినా దాచుడే. దాచి దాచి ఇల్లు ఇల్లంత అంటించుకునుడు."

లోపల పిల్ల ఏడ్చింది. ఆకలి ఏడుపు. బాలలక్ష్మి చేతులు వాటంతట అవే రొమ్ము మీదికి పోయాయి. రవిక తడిసి ఉంది.

తోమాసు అది చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"పిల్లకు పాలిస్తలేవా?"

"ఇయ్యొద్దన్నరు."

"ఎవలు? నేనైతే అనలే. మూతికి గుడ్డ కట్టుకొని ఇయ్యమన్న. గోలీలు మింగుకుంట తల్లి పాలియ్యొచ్చు." అంతయ్య వైపు తిరిగాడు. "పిల్లకేం పెడుతున్నరు మరి?"

"దాని నాయనమ్మ చూసుకుంటది," అన్నాడు అంతయ్య. "నా కొడుకును గట్లనే పెంచింది."

బాలలక్ష్మి లేచింది. ఎవరినీ అడగలేదు. అంతయ్య పక్కకు జరిగాడు, ఆమె మీద జాలితో కాదు, ఆమె గాలి తగులుతుందన్న భయంతో. ఆమె గడప దాటి లోపలికి పోయింది.

"చూసుకొని రానీ," అన్నాడు మల్లన్న. "పోయేటప్పుడు చూసుకొని రానియ్యున్రి."

* * *

అర్రలో చీకటిగా ఉంది. ఒకటే కిటికీ, దానికి గోనెసంచి అడ్డం. చల్లగాలి తగిలితే కొండల్‌కు మంచిది కాదని భూమవ్వే కట్టింది. ఆ అర్రలోనే అందరూ పడుకునేవారు.

భూమవ్వ జొన్నరొట్టె ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నమిలింది. మెత్తగా అయ్యాక వేలితో తీసి పిల్ల నోట్లో పెట్టాలి. ఆ వైపు ముసలమ్మలంతా మనవలను అలాగే పెంచారు. తల్లి పొలం పోతే నాయనమ్మ నమిలి పెట్టిన ముద్దతోనే పిల్లలు పెరిగారు. ప్రేమకు ఇంతకన్నా దగ్గరి దారి వాళ్లకు తెలియదు. పిల్ల నోరు తెరిచి, పిట్ట పిల్లలా ఎదురుచూస్తోంది.

భూమవ్వ వేలు తన పెదవి దగ్గరికి పోయింది.

"పెట్టకు అత్తా."

భూమవ్వ ఉలిక్కిపడి చూసింది. కోడలు ఆమె ఎదుట గొంతుక్కూర్చుంది. అరవలేదు, ఏడవలేదు. కుడి అరచెయ్యి అత్త గడ్డం కిందికి చాపింది.

"ఉమ్ము. నా చేతుల ఉమ్ము."

భూమవ్వ కదలలేదు. నోట్లో రొట్టె అలాగే ఉంది.

"నన్ను కొట్టంల పెట్టినవు, ఉన్న. మా అవ్వను గంత మాటన్నవు, ఊకున్న. నీ నోటితో నువ్వే చెప్తవని చూసిన. గిది మాత్రం చూడలేను. ఉమ్ము అత్తా."

పిల్ల ఏడుపు అందుకుంది. భూమవ్వ కండ్లల్లో నీళ్లు తిరిగాయి. తల వంచి, కోడలి అరచేతిలో ఉమ్మేసింది. బాలలక్ష్మి పిడికిలి మూసింది.

పిల్ల ఒక్కతే ఏడుస్తోంది.

"నువ్వు కొమురవ్వను చూడలే," అంది భూమవ్వ చివరికి. "నా తోడికోడలు. రజాకార్ల గడబిడైన మరుసటేడు గామెకు ఇదే బీమారి. చేన్ల గుడిసేసి పెట్టినం. నేనే జొన్న గట్క కొంచపోయి, దూరంగ బండ మీద పెట్టి వచ్చేదాన్ని. జర దగ్గరికి రాయే భూమీ, ఒక్కమాట మాట్లాడిపో అనేది. నేను ఎన్నడు పోలే. ఒకనాడు పొయ్యేవరకు నిన్నటి గట్క బండ మీద అట్లనే ఉన్నది."

బాలలక్ష్మి ఎడమ చేత్తో పిల్ల వీపు నిమిరింది.

"నన్ను గుడిసెల పెడ్తరు లచ్చిమీ."

బాలలక్ష్మికి అత్త మీద ఎంత కోపం ఉందో అంత జాలీ కలిగింది. రెండూ ఒకేసారి కలిగితే ఏం చేయాలో ఆమెకు తెలియలేదు.

"నన్ను పెట్టినప్పుడు ఇది యాదికి రాలేదా అత్తా?"

"వచ్చింది. వచ్చిందనే చెప్పలే."

భూమవ్వ లేచింది. పిల్లను కోడలి ఒళ్లో పెట్టింది. కొంగుతో మూతి గట్టిగా తుడుచుకుని, అర్రలోంచి బయటికి నడిచింది.

* * *

"తోమాసు సారూ. ఇంకో డబ్బీ ఉన్నదా?"

గోలీలు లెక్కపెడుతున్న తోమాసు తల ఎత్తాడు.

"ఎవలకు అవ్వా?"

"నాకే. పోయినసారి గూడ నాదే. కోడలికి తెమడ రాకుంటే నేను ఉమ్మిన. దాని పేరు మీద నా ఉమ్మి కొంచపోయినవు."

ఎద్దు ఒకటి మెడ దులపగానే గంట మోగింది.

ముందుగా తేరుకున్నది అంతయ్యే.

"అబద్ధం," అన్నాడు. "గా పిల్ల ఏడుపు వినలేక గిట్లంటుంది. కోడలు పోతుందని దాని పాణం కొట్టుకుంటుంది. కోడలి బీమారి తన నెత్తినేసుకుంటుంది సారు. దాని గుణమే అంత."

మల్లన్న మెల్లగా భూమవ్వ వైపు తిరిగాడు. అతని ముఖంలో అప్పటిదాకా లేని మర్యాద కనబడింది. గోడ అవతల నిలబడి వింటున్న పక్కింటి శంకరవ్వ కూడా, "గసుంటి అత్త ఎవలకు దొరుకుతది," అంది, అందరికీ వినబడేలా.

భూమవ్వకు ఆ మాట ఎండలో మజ్జిగలా తగిలింది. ఇప్పుడు ఊరుకుంటే చాలు. అబద్ధం చెప్పనక్కర్లేదు, వాళ్లే చెప్పారు. మంచి అత్త అని పేరూ మిగులుతుంది, గుడిసె కూడా తప్పుతుంది. ఆమె ఊపిరి పీల్చుకుంది, మాట్లాడకుండా ఉండటానికే పీల్చుకుంది. కానీ ఆ ఊపిరి గొంతులో తట్టుకుని దగ్గు మొదలైంది. ఆగలేదు. అరుగు స్తంభం పట్టుకుని వంగిపోయింది.

ఈసారి అంతయ్య తల తిప్పి చూశాడు. కొండల్ మంచం మీది నుంచి చూశాడు. ఎన్నేళ్లుగానో ఉన్న దగ్గు, ఇవాళే మొదటిసారి విన్నట్టు చూశారు.

"పెనిమిటి మంచిమాటే అన్నడు," అంది భూమవ్వ దగ్గు తగ్గాక. "గది నిజమైతే బాగుండు. నిజం గాదు."

తోమాసు ముఖం ఎర్రబడింది. కోపం ఆమె మీద ఎంతో తన మీద అంత.

"ఎవల చేతిలకెల్లి తీసుకుంటున్ననో గూడ నేను చూడలే," అన్నాడు. "నువ్వే ఉమ్మినవా అని చెల్లెను ఒక్క మాటడిగితే అయిపోతుండె. మొదటి రోజే నీ దగ్గు విని నవ్విన." సంచిలోంచి రెండు డబ్బీలు తీశాడు. "ఇగ ఎవలూ కొట్టం ఎన్కకు పొయ్యేది లేదు. గిక్కడ, నా కండ్ల ముంగట. చెల్లే, నువ్వు గూడ రా."

బాలలక్ష్మి పిల్లను చంకనేసుకుని గడపలోకి వచ్చింది. మామ ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆమె ఆగిపోయింది.

"మామ ముంగట ఎట్ల సారు?"

"మామ వినకుండ దగ్గినందుకే గీ కత గింత దూరమొచ్చింది."

అంతయ్య ఇంట్లోకి పోతాడనుకున్నారు, పోలేదు. గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. బాలలక్ష్మి గొంతు సవరించుకుంది, ముందు మెల్లగా, తర్వాత గట్టిగా, ఆ వాకిట్లో ఏ కోడలూ ఎప్పుడూ చేయనంత గట్టిగా. నోట్లో ఎంగిలే వచ్చింది. మళ్లీ దగ్గింది. మళ్లీ ఎంగిలే.

భూమవ్వ డబ్బీకి ఒక్క దగ్గు చాలింది. తోమాసు దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. తెమడలో సన్నగా ఎర్రచార ఉంది. ఎవరికీ చూపించకుండా మూత బిగించాడు, కానీ అందరూ అతని ముఖాన్ని చూస్తున్నారు.

"రేపటిదాక ఆగొద్దు," అన్నాడు. "ఆదిలాబాద్ పోవాలె అవ్వా. ఛాతికి ఎక్స్‌రే తియ్యాలె, సూదులు మొదలుపెట్టాలె. ఇప్పుడు ఎనకటి లెక్క గుడిసెలూ లేవు, గిడిసెలూ లేవు. మందు మింగితే నీ కొడుకు లెక్కనే ఇంట్ల ఉండొచ్చు." ఒక్క క్షణం ఆగి, బాలలక్ష్మి చంకలోని పిల్లను చూశాడు. "పిల్లకు గూడ చేతికి సూదేసి చూడాలె. గిన్ని దినాలు ఎవలు ఎత్తుకున్నరో ఎర్కే గద."

భూమవ్వ పిల్ల వైపు చూడలేకపోయింది.

"అవ్వా," అన్నాడు కొండల్ మంచం మీది నుంచి. గొంతు చిన్న పిల్లవాడి గొంతులా ఉంది. "నాకు నీతోనే వచ్చిందా?"

మిల్లు దుమ్మని ఆమె తిట్టింది. కోడలని తిట్టింది. కోడలి తల్లిని, చచ్చిపోయిన మనిషిని, అన్నది. ఇప్పుడు తిట్టడానికి ఎవరూ మిగలలేదు. భూమవ్వ కొడుకు మంచం దాకా పోయి, చెయ్యి చాపి, అతని తల తాకకుండానే వెనక్కి తీసుకుంది.

"ఇచ్చోడల బస్సు పొద్దుగూకే ముందే పోతది," అన్నాడు తోమాసు. "బండెవలదన్న చూడున్రి."

చూడటానికి ఏముంది? వాకిట్లో ఒకటే బండి కట్టి ఉంది.

బాలలక్ష్మి అరుగు అంచున కూర్చుని, అటు తిరిగి పిల్లకు పాలు పట్టింది. మూతికి కొంగు అడ్డం కట్టుకుంది, తోమాసు చెప్పినట్టే. పిల్ల ఏడుపు ఆగింది. అటు తిరిగే అన్నతో మాట్లాడింది.

"అన్నా, నేను రాను. అత్తను ఇచ్చోడ దాక తోల్కపో. బస్సెక్కియ్యి."

"ఎవలను?"

"అత్తను."

"మన అవ్వను గంత మాటన్న మనిషినా?"

"గామెనే."

మల్లన్న పగ్గాలు చేతికి చుట్టుకున్నాడు. తల్లిని కాటికి మోసినప్పుడు కూడా అతను ఇంత గట్టిగా పళ్లు బిగించలేదు.

భూమవ్వ లోపలికి పోయి చెద్దరు ఒకటి తెచ్చుకుంది. మొలలో దోపుకున్న చుట్ట తీసి అరుగు మీద పెట్టింది. అంతయ్య ఇంకా గోడ వైపే తిరిగి ఉన్నాడు. ఆమె అతని వెనక ఒక ఘడియ నిలబడింది. అతను తిరగలేదు. పొద్దున తను కోడలికి ఏ వీపు చూపించిందో, ఇప్పుడు అలాంటి వీపే ఆమెకు కనబడుతోంది.

బండి దగ్గరికి వచ్చింది. ఎత్తు బండి. ముసలి కాళ్లు. ఎక్కాలంటే పైనున్నవాళ్లు చెయ్యి అందించాలి. ఒక కాలు చక్రం నడిమి కుండ మీద పెట్టి, చెయ్యి పైకి చాపింది.

మల్లన్న ఆ చేతిని చూశాడు. కదలలేదు.

"మీ అవ్వ దగ్గుతోని పోలే," అంది భూమవ్వ, శంకరవ్వకు వినబడేలా, గోడ వైపు తిరిగిన మొగుడికి వినబడేలా. "జరంతోనే పోయింది. నాకెర్కే. ఎర్క ఉండి గూడ గా మాటన్న మల్లన్నా."

అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఎండ వాలుతోంది, ఇచ్చోడ బస్సు వేళవుతోంది. పొద్దున్నుంచి కట్టి ఉన్న ఎడ్లు విసిగి ఒక్క అడుగు ముందుకు వేశాయి. చక్రం కదిలింది. భూమవ్వ ఒక కాలు ఇంకా నేల మీదే ఉంది, చెయ్యి ఇంకా పైకే చాపి ఉంది.